బ్రోచరుకు 11 మార్కులే: సర్వీస్ మేనేజ్‌మెంట్ సీటు తీసుకునే ముందు ఒక లెక్క

మొన్న ఆదివారం పొద్దున్నే నల్గొండ నుంచి మా ఖాలా ఫోన్ చేసింది. వాళ్ల చిన్నమ్మాయి ఇంటర్ సీఈసీ పాసైంది. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీ తరఫున ఎవరో పీఆర్వో ఇంటికొచ్చి, రంగురంగుల బ్రోచరు చేతిలో పెట్టి వెళ్లాడట. బీబీఏ, సర్వీస్ మేనేజ్‌మెంట్. ఏడాదికి 90 వేలు. వారంలోగా 10 వేలు కడితే సీటు ఖాయం.

"బేటా, నువ్వు కామర్స్ చదివినోడివి కదా, ఒక్క మాట చెప్పు. సర్వీస్ మేనేజ్‌మెంట్ అంటే ఏంది? హోటల్లో ప్లేట్లు ఎత్తే చదువా? దానికి మూడేళ్లూ, రెండు లక్షల డెబ్బై వేలూనా?"

నాకు నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే ఆమె అడిగిన దాంట్లో తప్పేం లేదు. ఇంటర్ ఫలితాలు వచ్చి, దోస్త్ దరఖాస్తులు మొదలయ్యే ఈ రోజుల్లో మన ఇళ్లల్లో చాలామంది ఇదే ప్రశ్నతో సతమతమవుతుంటారు. బీకాం తెలుసు, బీఎస్సీ తెలుసు. ఈ రిటైల్, హాస్పిటాలిటీ, లాజిస్టిక్స్, సర్వీసెస్ మార్కెటింగ్ అనేవి ఏంటో తెలీదు. తెలియని దానికి బంగారం కుదువ పెట్టి ఫీజు కట్టాలా వద్దా? ఖాలాకు ఫోన్లో చెప్పింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

మన పిల్లలు ఉన్నది ఎక్కడ

ముందు లెక్క చూద్దాం. 2024-25 ఆర్థిక సర్వే ప్రకారం దేశ ఆదాయంలో, అంటే స్థూల విలువ జోడింపులో, సేవల రంగం వాటా సుమారు 55 శాతం. తెలంగాణలో అయితే అది దాదాపు మూడింట రెండొంతులు. బ్యాంకు, ఆసుపత్రి, స్కూలు, ట్రావెల్స్, మొబైల్ రిపేర్ షాపు, ఐటీ కంపెనీ, క్యాటరింగ్, డెలివరీ యాప్ అన్నీ ఇందులోకే వస్తాయి.

కానీ అదే సర్వే ప్రకారం దేశంలో పనిచేసే వాళ్లలో ఈ రంగంలో ఉన్నది సుమారు 30 శాతమే. ఆదాయం సగానికి పైన, ఉద్యోగాలు మూడో వంతు కూడా లేవు. ఎందుకలా? ఈ రంగానికి రెండు కొసలున్నాయి. ఒక కొసన సాఫ్ట్‌వేర్, ఫైనాన్స్ కంపెనీల పెద్ద జీతాలు. రెండో కొసన డ్రైవర్లు, డెలివరీ బాయ్స్, సేల్స్ కౌంటర్ అమ్మాయిలు, హోటల్ పనివాళ్లు. అక్కడ జీతం తక్కువ, చాలామందికి పీఎఫ్ ఉండదు, రేపు పని ఉంటుందన్న గ్యారంటీ ఉండదు.

ఇప్పుడు మన చుట్టుపక్కల చూసుకుందాం. ఏ మొహల్లాలో అయినా డిగ్రీ సగంలో ఆపేసి బైక్ మీద తిరిగే పిల్లలు ఎంతమంది? ఆసుపత్రి రిసెప్షన్‌లో, బట్టల షోరూంలో నిలబడే అమ్మాయిలు ఎంతమంది? అంటే సేవల రంగంలోకి మన పిల్లలు వెళ్లాలా వద్దా అన్నది ఇక ప్రశ్నే కాదు, వాళ్లు అక్కడే ఉన్నారు. ఉన్నది కింది కొసన. ఆ కింది కొసకూ పై కొసకూ మధ్యలో ఒక మెట్టుంది. ఫ్లోర్ మేనేజర్, బ్రాంచ్ ఆపరేషన్స్, ఆసుపత్రి అడ్మినిస్ట్రేషన్, కస్టమర్ కేర్ టీమ్ లీడర్, సొంత ట్రావెల్స్ నడిపే యజమాని. సర్వీస్ మేనేజ్‌మెంట్ చదువు నిజంగా పనికొస్తే, ఆ మధ్య మెట్టు ఎక్కించాలి. ఎక్కించకపోతే అది ఖరీదైన కాగితం.

ఇందులో ఏం చెబుతారు

1977లో సిటీబ్యాంక్‌లో వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్న లిన్ షోస్టాక్ అనే ఆవిడ ఒక వ్యాసం రాసింది. సబ్బు అమ్మినట్టు బ్యాంకు సేవను అమ్మితే కుదరదు, సేవల మార్కెటింగ్ పద్ధతే వేరు అన్నది ఆమె వాదన. ఈ సబ్జెక్టు విడిగా నిలబడటానికి తోడ్పడిన తొలి రచనల్లో అదొకటి.

సబ్బుకూ సేవకూ తేడా ఏంటంటే, పుస్తకాల్లో నాలుగు చెబుతారు. మనింటి పెళ్లి పెట్టుకుని చూస్తే నాలుగూ ఒక్క రోజులో అర్థమైపోతాయి.

ఒకటి, సేవను కొనేముందు పట్టుకుని చూడలేం. క్యాటరింగ్ భాయ్‌కి అడ్వాన్స్ ఇస్తాం, దావత్ రోజు దాకా బిర్యానీ ఎలా ఉంటుందో తెలీదు. రెండు, సేవను చేసే మనిషి నుంచి విడదీయలేం. వడ్డించే కుర్రాడు మొహం చిట్లించుకుంటే బిర్యానీ రుచి కూడా పోతుంది. మూడు, ప్రతిసారీ ఒకేలా ఉండదు. అదే వంటమనిషి, అదే బియ్యం, పోయిన నెల అదిరింది, ఈ నెల మాడింది. నాలుగు, సేవను దాచిపెట్టుకోలేం. ఫంక్షన్ హాల్ ఈ శుక్రవారం ఖాళీగా పోతే ఆ శుక్రవారం మళ్లీ రాదు. అమ్ముడుపోని సబ్బు రేపు అమ్ముకోవచ్చు, అమ్ముడుపోని శుక్రవారాన్ని అమ్ముకోలేం.

అందుకే మార్కెటింగ్‌లో పాత నాలుగు పీలు, అంటే వస్తువు, ధర, చోటు, ప్రచారం సరిపోవని, 1981లో బూమ్స్, బిట్నర్ అనే ఇద్దరు ఇంకో మూడు కలిపారు. మనుషులు, పని జరిగే పద్ధతి, కంటికి కనిపించే ఆధారాలు. మొత్తం ఏడు పీలు. కామర్స్, మేనేజ్‌మెంట్ చదివిన ప్రతి ఒక్కరూ ఈ ఏడూ పరీక్షలో రాసే ఉంటారు.

డిసెంబరులో విమానాశ్రయం నేర్పిన పాఠం

ఇవన్నీ పుస్తకాల కబుర్లు అనుకుంటే గత డిసెంబరు గుర్తుచేసుకోండి. పైలట్లకు అలసట తగ్గించడానికి డీజీసీఏ కొత్త డ్యూటీ నిబంధనలు తెచ్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రి ల్యాండింగులకు పరిమితి వచ్చింది. మొదటి దశ 2025 జూలైలో, రెండో దశ నవంబరు 1న అమల్లోకి వచ్చాయి. నిబంధనలు రాత్రికి రాత్రి రాలేదు, తేదీలు ముందే తెలుసు. అయినా దేశీయ ప్రయాణికుల్లో మూడింట రెండొంతుల మందిని మోసే ఇండిగో, డిసెంబరు మొదటి వారంలో కుప్పకూలింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్‌లోనూ జనం సూట్‌కేసుల మీదే కూర్చుని తెల్లవార్లూ ఎదురుచూశారు.

సర్వీస్ మేనేజ్‌మెంట్ కళ్లతో చూస్తే ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది సామర్థ్యం లెక్క. విమానంలో ఖాళీ సీటు కూడా ఖాళీ ఫంక్షన్ హాల్ లాంటిదే, దాచుకోలేం. అందుకని కంపెనీలు ఉన్న మనుషులతోనే వీలైనన్ని ట్రిప్పులు తిప్పాలని చూస్తాయి. అది లాభమే. కానీ చేతిలో కొంచెం కూడా అదనం ఉంచుకోకపోతే, ఒక్క నిబంధన మారినా మొత్తం గొలుసు తెగుతుంది.

రెండోది తప్పు జరిగాక సర్దుకోవడం. ప్రయాణికులు తిట్టింది విమానం రద్దయినందుకు మాత్రమే కాదు. చెప్పే నాథుడు లేక. కౌంటర్లో ఉన్న అమ్మాయికే ఏమీ తెలియదు, ఆమె ఏం చెబుతుంది? చివరికి రిఫండ్లకు గడువు పెట్టి, టికెట్ ధరలకు పరిమితి విధించి, కంపెనీ షెడ్యూల్‌లో 10 శాతం కోత పెట్టాల్సి వచ్చింది ప్రభుత్వం. తప్పు జరిగిన తర్వాత మొదటి గంటలో ఏం చేయాలన్నది ఈ సబ్జెక్టులో ఒక పెద్ద అధ్యాయం. కౌంటర్ మీద నిలబడ్డ మనిషికి నిజం తెలియాలి, చిన్న నిర్ణయం తీసుకునే అధికారం ఉండాలి. ఆ రెండూ లేకపోతే ఎంత పెద్ద కంపెనీ అయినా పరువు పోగొట్టుకుంటుంది.

ఇంకో ఉదాహరణ డెలివరీ యాపులది. ఇది మన పిల్లల మీద నేరుగా పడేది. 2025 డిసెంబరు 31న దేశవ్యాప్తంగా గిగ్ వర్కర్లు సమ్మెకు దిగారు. పిలుపునిచ్చిన వాటిలో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఉంది. 10 నిమిషాల డెలివరీ ఎత్తేయాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. తర్వాత జనవరిలో, కేంద్ర కార్మిక శాఖ జోక్యంతో, బ్లింకిట్ తన ప్రచారంలో నుంచి ఆ 10 నిమిషాల మాట తీసేసింది.

పుస్తకంలో దీన్ని ఇచ్చిన మాటకూ జరిగిన పనికీ మధ్య సందు అంటారు. పరశురామన్, జైతామ్ల్, బెర్రీ అనే ముగ్గురు 1985లో ఇలాంటి సందులు ఐదు గుర్తించారు. మాట ఇచ్చేది ప్రచారం చేసే విభాగం. నిలబెట్టాల్సింది రోడ్డు మీద బైక్ నడిపే కుర్రాడు. మాట ఇచ్చినోడికి ట్రాఫిక్ తెలీదు, ట్రాఫిక్‌లో ఉన్నోడిని మాట ఇచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు.

కౌంటర్ వెనకాల నేను

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. బీకాం ఆఖరి ఏడాదిలో నేనూ సర్వీసెస్ మార్కెటింగ్ చదివా. ఏడు పీల ప్రశ్న వచ్చింది, నాలుగు పేజీలు రాశా, మంచి మార్కులే వచ్చాయి. జర్నలిజంలోకి రాకముందు ఎనిమిది నెలలు ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఫ్రంట్ డెస్క్‌లో పనిచేశా.

గోడ మీద పెద్ద బోర్డు ఉండేది: "ఉదయం శాంపిల్, సాయంత్రం రిపోర్ట్". నిజమేంటంటే, శాంపిళ్లు మెయిన్ ల్యాబ్‌కు తీసుకెళ్లే వ్యాను పదకొండింటికి వెళ్లిపోయేది. పదకొండుంబావుకు రక్తం ఇచ్చినోళ్ల రిపోర్టు మర్నాడే వస్తుంది. కానీ బోర్డు మాత్రం సాయంత్రమే అంటుంది. రోజూ సాయంత్రం ఆరింటికి నా కౌంటర్ ముందు గొడవే. ఒకరోజు భువనగిరి దగ్గర్నుంచి ఒక పెద్దాయన భార్యను తీసుకొచ్చాడు. మర్నాడు ఆపరేషన్, రిపోర్టు చూస్తే గానీ డాక్టర్ ఒప్పుకోడు. శాంపిల్ ఇచ్చింది పదకొండున్నరకు. ఆయన అరవలేదు, తిట్టలేదు. "బాబూ, పొద్దున్నే చెప్పుంటే ఇంకో చోటికి పోయేవాళ్లం కదా" అన్నాడు, అంతే.

ఆ రాత్రి నాకు తట్టింది ఒక్కటే. ఏడు పీలు రాసి మార్కులు తెచ్చుకున్న నాకు ఈ చిక్కు పేరు తెలుసు. మనుషుల తప్పు కాదు, పద్ధతి తప్పు. మర్నాడు మేనేజర్ దగ్గరికెళ్లి "పదకొండు తర్వాత ఇచ్చిన శాంపిల్‌కి రిపోర్టు మర్నాడు అని ఇంకో బోర్డు పెడదాం సార్" అన్నా. "అలా పెడితే పేషెంట్లు పక్క ల్యాబ్‌కు పోతారు" అని కొట్టిపారేశాడు. నేనూ ఊరుకున్నా. ఎదురు ఎలా చెప్పాలో, ఎంతమంది తిట్టుకుంటూ వెళ్తున్నారో లెక్క ఎలా చూపించాలో నాకెవరూ నేర్పలేదు. మూడేళ్ల చదువులో ఒక్కసారి కూడా మమ్మల్ని ఒక బ్యాంకుకో, బస్టాండుకో, ఆసుపత్రి ఓపీకో తీసుకెళ్లి "ఇక్కడ క్యూ ఎందుకు ఆగిపోతోందో రాయండి" అనలేదు.

నా బాధల్లా అదే. చదువు చెడ్డది కాదు. షోస్టాక్ 1984లో బూట్ పాలిష్ చేసే పనిని తీసుకుని, అందులో ఒక్కో అడుగూ కాగితం మీద గీసి, ఎక్కడ తప్పు జరగొచ్చో, దానికి ఎంత సమయం పోతుందో చూపించింది. ఒక్క కాగితం, ఒక్క పెన్సిల్ చాలు. అలాంటి దాన్ని మన కాలేజీలు 14 మార్కుల వ్యాస ప్రశ్న చేసి పెట్టాయి.

ఎక్కడెక్కడ చదవొచ్చు

దారులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. దోస్త్‌లో కొన్నేళ్లుగా ఎక్కువమంది తీసుకుంటున్నది కామర్సే. మామూలు బీకాంలో కూడా చాలాచోట్ల సర్వీసెస్ మార్కెటింగ్ ఒక పేపరుగా గానీ, ఎలెక్టివ్‌గా గానీ ఉంటుంది. దానికోసమే ప్రత్యేకంగా ఖరీదైన కోర్సులో చేరాల్సిన పన్లేదు. బీబీఏ తీసుకోవాలనుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి: 2024-25 విద్యా సంవత్సరం నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులు కూడా ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. కాబట్టి కాలేజీకి ఆ అనుమతి ఉందో లేదో అడగడం మీ హక్కు.

కొన్ని డిగ్రీ కాలేజీల్లో రిటైల్, లాజిస్టిక్స్ లాంటి కోర్సులు కంపెనీల్లో అప్రెంటిస్‌షిప్‌తో కలిపి ఉన్నాయి. కొన్ని రోజులు క్లాసు, కొన్ని రోజులు పని, పనికి స్టైపెండ్. నా అనుభవంతో చెబుతున్నా, ఈ సబ్జెక్టుకు ఇదే సరైన పద్ధతి. కానీ జాగ్రత్త. అప్రెంటిస్‌షిప్ పేరుతో పిల్లల్ని మూడు నెలలు షాపులో బట్టలు మడత పెట్టించి పంపేస్తే అది చదువు కాదు, చవక కూలీ.

డిగ్రీ అయ్యాక ఐసెట్ రాసి ఎంబీఏలో మార్కెటింగ్ తీసుకుంటే ఈ సబ్జెక్టు ఇంకా లోతుగా వస్తుంది. హోటల్, టూరిజం వైపు ఆసక్తి ఉంటే గచ్చిబౌలిలో నిథమ్ ఉంది. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. ఇక 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీలో ఎంబీఏ, ఎంకాం ఉర్దూ మీడియంలో ఉన్నాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బళ్లో తెలుగు చదివిన మన జిల్లాల పిల్లలు చాలామంది ఈ యూనివర్సిటీ మనకోసం కాదనుకుంటారు. ఉర్దూ ఒక సబ్జెక్టుగా చదివి, చదవడం రాయడం వచ్చినవాళ్లు నోటిఫికేషన్ ఒకసారి చూసుకోవాలి. అది సెంట్రల్ యూనివర్సిటీ, ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ.

కాలేజీ కూడా ఒక సర్వీసే

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కాలేజీ అమ్మేది కూడా సేవే. పైన చెప్పిన నాలుగు లక్షణాలూ దానికి సరిగ్గా సరిపోతాయి. కొనేముందు పట్టుకుని చూడలేం. పాఠం చెప్పే మనిషిని బట్టే ఉంటుంది. ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది. పోయిన సెమిస్టర్ తిరిగి రాదు. పైగా డబ్బు ముందే కట్టాలి.

అలాంటప్పుడు ఆ కాలేజీ ఏ కొలతలు పాఠంగా చెబుతుందో, అవే కొలతలతో దాన్నే కొలవొచ్చు కదా?

ఇందాక చెప్పిన ముగ్గురే 1988లో సేవ నాణ్యతకు ఐదు కొలతలు పెట్టారు. చెప్పింది చెప్పినట్టు చేయడం, అడిగిన వెంటనే స్పందించడం, చేసేవాళ్లకు పని తెలుసన్న భరోసా, మనిషిని మనిషిగా పట్టించుకోవడం, చివరగా కంటికి కనిపించే భవనం, ఫర్నిచర్, యూనిఫాం. తర్వాత అమెరికాలో బ్యాంకులు, ఇన్సూరెన్స్, టెలిఫోన్ కంపెనీల వినియోగదారులకు 100 మార్కులిచ్చి ఈ ఐదింటికీ పంచమన్నారు. చెప్పింది చేయడానికి 32 వచ్చాయి. స్పందనకు 22, భరోసాకు 19, పట్టింపుకు 16. కంటికి కనిపించేవాటికి అన్నిటికన్నా తక్కువ, 11.

ఇప్పుడు మా ఖాలా చేతిలో ఉన్న బ్రోచరు తెరవండి. ఏసీ క్లాసురూం, స్విమ్మింగ్ పూల్, కోట్లు వేసుకుని నవ్వుతున్న విద్యార్థులు. అంటే బ్రోచరంతా ఆ 11 మార్కుల గురించే. మిగతా 89 మార్కుల గురించి మనమే అడగాలి. ఎలా అడగాలో చెబుతా.

చెప్పింది చేస్తారా? "100 శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని రాసుంటే ఆఖరి మాట చదవండి. సాయం చేస్తామన్నారు, ఉద్యోగం ఇస్తామనలేదు. పోయిన ఏడాది ఈ కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఏ కంపెనీలో ఏ పోస్టు, ఎంత జీతం? ఈ నాలుగూ కాగితం మీద అడగండి. టెలికాలర్ ఉద్యోగాన్ని "మేనేజ్‌మెంట్ ట్రైనీ" అని రాసే వాళ్లున్నారు, పోస్టు పేరుతో ఆగకుండా పనేంటో అడగండి.

స్పందిస్తారా? అడ్మిషన్ల గదిలో టీ ఇచ్చి మర్యాద చేస్తారు, అది చూసి మురిసిపోవద్దు. మామూలు రోజు పదకొండింటికి వెళ్లి ఆఫీసు కౌంటర్ దగ్గర అరగంట నిలబడండి. బోనఫైడ్ కోసం, మార్కుల మెమో కోసం వచ్చిన పాత విద్యార్థులతో ఎలా మాట్లాడుతున్నారో చూడండి. రేపు మీ పిల్లతో మాట్లాడేదీ అలాగే.

భరోసా ఉందా? ఈ పేపరు చెప్పేది ఎవరు? ఎన్నేళ్లుగా అక్కడున్నారు? ఏ యూనివర్సిటీ అనుబంధం? అప్రెంటిస్‌షిప్ అంటే ఏ కంపెనీతో ఒప్పందం, స్టైపెండ్ ఎంత, ఎవరి ఖాతాలో పడుతుంది?

పట్టించుకుంటారా? తెలుగు మీడియం, ఉర్దూ మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు క్లాసు ఉందా? అమ్మాయిల ఇంటర్న్‌షిప్ ఏ టైముకు ముగుస్తుంది, తిరిగి రావడానికి బస్సు ఉందా? ఇవి అడగడానికి సిగ్గుపడొద్దు. ఈ ప్రశ్నలకు ముందే జవాబు దొరక్క, రెండో ఏడాదిలో చదువు ఆగిపోయిన అమ్మాయిలు మన ఇళ్లల్లోనే ఉన్నారు.

డబ్బు కట్టాక దారి ఇరుకే

ముందే ఇంత అడగమనడానికి ఇంకో కారణముంది. పాడైన ఫ్రిజ్ అంటగడితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. కాలేజీ మాట తప్పితే? పుస్తకాల్లో చదువు ఒక సర్వీసే గానీ, కోర్టు దగ్గర అంత తేలిక కాదు. 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు, విద్యార్థి వినియోగదారుడి కిందికి రాడని చెప్పింది. 2020లో జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా విద్యాసంస్థలు ఆ చట్టం కిందికి రావని తీర్పిచ్చింది. దానిపై అప్పీలును సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. కాబట్టి "తర్వాత కేసు వేద్దాంలే" అన్న ధైర్యం పెట్టుకోవద్దు.

చేతిలో అసలేం లేదని కాదు. విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని, సీటు వదులుకుంటే ఎన్ని రోజుల్లోపు ఎంత ఫీజు తిరిగివ్వాలని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. ఏ డబ్బుకైనా రసీదు తీసుకోండి. పీఆర్వో చేతికి గానీ, అతని ఫోన్‌పేకి గానీ ఒక్క రూపాయి పంపొద్దు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మాటకొస్తే, తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు కుటుంబ ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. "అదంతా గవర్నమెంటే ఇస్తుంది" అని పీఆర్వో నోటితో చెబితే సరిపోదు. ఈ సీటుకు వస్తుందా, ఎంత వస్తుంది, మిగతాది ఎవరు కట్టాలి అన్నది రాయించుకోండి. వచ్చినా ఆలస్యమవుతుందన్నదీ లెక్కలో పెట్టుకోండి. బకాయిల కోసం గత నవంబరులో ప్రైవేటు కాలేజీలు రాష్ట్రమంతా బంద్ చేశాయి. ప్రభుత్వం, కాలేజీల మధ్య ఆ గొడవలో చివరికి మెమో కోసం ఆఫీసు చుట్టూ తిరిగేది విద్యార్థే.

ఖాలా వెళ్లి చూసొచ్చింది

ఫోన్లో నేను చెప్పిన వాటిలో మా ఖాలా రెండే చేసింది. మంగళవారం కూతుర్ని తీసుకుని హైదరాబాద్ వచ్చి, ఆ కాలేజీ కౌంటర్ దగ్గర నిలబడింది. తర్వాత పోయిన ఏడాది బీబీఏ పిల్లల ఉద్యోగాల లిస్టు అడిగింది. లిస్టు లేదు, "మా మొదటి బ్యాచ్ ఇంకా బయటికి రాలేదమ్మా" అన్నారట. బ్రోచర్‌లో కోట్లు వేసుకున్న పిల్లలు మరి ఎవరు అని అమ్మాయి అడిగితే, నవ్వి ఊరుకున్నారట.

10 వేలు కట్టకుండానే నల్గొండ బస్సెక్కారు. అమ్మాయి మనసు ఇప్పటికీ ఈ చదువు మీదే ఉంది, అందులో తప్పేం లేదు. దోస్త్‌లో ఇంటికి దగ్గరి కాలేజీ బీకాం మొదటి ఆప్షన్‌గా, అప్రెంటిస్‌షిప్ ఉన్న రిటైల్ కోర్సు రెండోదిగా పెట్టుకుంటానంటోంది. రెండో కాలేజీకి కూడా వెళ్లి, కౌంటర్ దగ్గర అరగంట నిలబడి చూశాకే ఖాయం చేస్తుందట.

పీఆర్వో మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నాడు. సీట్లు రెండే మిగిలాయంటున్నాడు. పోయిన వారం కూడా రెండే అన్నాడట.